చెవిలోన జోరీగ ఎక్కడికి పోయింది? (మా వాడి ఛందస్సు తిప్పలు)

నాగావళి ఒడ్డు (రాయగడ)
శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ మా వాడు ఏడో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివాడు. ఇంట్లో కూర్చోబెట్టి నేనే తెలుగు నేర్పాను. ఎనిమిది నుంచి ఆంధ్రా వైపు పార్వతీపురం దగ్గర హాస్టల్ బడిలో వేశాం. ఇప్పుడు తొమ్మిది. వచ్చే ఏడు పబ్లిక్ పరీక్షలు, ఆ టెన్షన్ వాడికంటే నాకే ఎక్కువ.

కథలు, వ్యాకరణం అన్నీ బాగానే రాస్తాడు. ఛందస్సు దగ్గరే పడుతున్నాడు. "గురులఘువులు గుర్తించి, గణ విభజన చేసి, ఏ పద్యపాదమో రాయండి" అని ఇస్తారు కదా (పొడుగ్గా పలికే అక్షరం గురువు, గుర్తు గు; పొట్టిది లఘువు, గుర్తు ల; వాటి గుంపు గణం), ప్రతి పరీక్షలోనూ అది తప్పే. సూత్రాలు రావా అంటే నిద్రలో లేపి అడిగినా యమాతారాజభానసలగం చెప్తాడు. సూర్య గణాలు, ఇంద్ర గణాలు కూడా కంఠతా వచ్చు.

మొన్న పరీక్షలో ఇచ్చిన పాదం ఇది:

చెప్పులోన రాయి చెవిలోన జోరీగ

వాడు "ఆటవెలది రెండో పాదం" అని రాశాడు. సున్నా వేశారు. ఆటవెలది అన్నది కరెక్టే కదా, కనీసం సగం మార్కు వెయ్యొచ్చు కదా అని నా బాధ. పొద్దున్న మజ్జిగౌరమ్మ గుడికి వెళ్తే అక్కడా ఇదే ఆలోచన. తప్పు ఎక్కడ జరుగుతోందో ఎవరైనా చెప్పండి.

షార్ట్‌కట్ శీను
శనివారం రాత్రి 9:31

అక్కా, ఇంత కష్టం ఎందుకు? మొదటి మూడక్షరాలు చూస్తే చాలు. గు ల ల వస్తే ఉత్పలమాల. ల ల ల వస్తే చంపకమాల. గు గు గు వస్తే శార్దూలం. ల ల గు వస్తే మత్తేభం. నేను పది అలాగే గట్టెక్కాను. మిగతా పాదం వైపు చూడను కూడా చూడలేదు.

పదోతరగతి పిల్ల (గుణుపురం)
శనివారం రాత్రి 9:40

శీనన్నా, "చెప్పులో" అంటే గు ల గు. నువ్వు చెప్పిన నాలుగింట్లో ఏదీ కాదు. ఇప్పుడేం చేస్తావ్?

షార్ట్‌కట్ శీను
శనివారం రాత్రి 9:42

వదిలేసి తర్వాతి ప్రశ్నకి పోతా 😀

పాత పంతులు (పర్లాకిమిడి)
శనివారం రాత్రి 10:05

శీను చెప్పిన చిట్కా వృత్తాల వరకు పనికొస్తుంది, కాదనను. కానీ దాని వెనక ఉన్న సంగతి తెలిస్తే చిట్కా అక్కర్లేదు. ఉత్పలమాలలో మొదటి గురువును తీసి దాని చోట రెండు లఘువులు పెట్టండి. మిగతా పాదం ముట్టుకోకండి. అదే చంపకమాల. అక్షరాలు 20 నుంచి 21 అవుతాయి, యతి (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం) స్థానం 10 నుంచి 11కి జరుగుతుంది. శార్దూలంలో మొదటి గురువును అలాగే విడగొడితే మత్తేభం. 19 అక్షరాలు 20 అవుతాయి, యతి 13 నుంచి 14కి పోతుంది. అన్నదమ్ముల్లాంటి జంటలు ఇవి. కాగితం మీద ఒక్కసారి వేసి చూసుకున్నవాడు మళ్ళీ మరిచిపోడు.

ఇక ఈ పాదం వేమనది, ఆటవెలది. వృత్తం కాదు, ఉపజాతి. ఇక్కడ అక్షరాల లెక్క ఉండదు, గణాల లెక్కే. 1, 3 పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్య గణాలే. సూర్య గణాలంటే గు ల, ల ల ల అనే రెండు చిన్నవి. ఇంద్ర గణాలు వాటికంటే పెద్దవి, ఆరు.

అమ్మా, మీ అబ్బాయి ఏ అక్షరం మీద ఏ గుర్తు పెట్టాడో అక్షరం అక్షరం ఇక్కడ రాయండి. మార్కు సంగతి తర్వాత చూద్దాం. రోగం ఎక్కడుందో తెలియకుండా మందు చెప్పలేను.

నాగావళి ఒడ్డు (రాయగడ)
ఆదివారం ఉదయం 7:20

మాస్టారూ, పేపర్ ఇంటికి పంపారు, చూసి రాస్తున్నాను.

చెప్పు – గు ల
లోన – గు ల
రాయి – గు ల
చెవి – గు ల
లోన – గు ల
జోరీగ – గు గు ల, దీని మీద అడ్డంగా గీత కొట్టేశాడు

"అయిదు సూర్య గణాలు వచ్చేశాయి, అందుకే రెండో పాదం అని రాశాను" అంటున్నాడు ఫోన్‌లో. మరి జోరీగ ఎక్కడికి పోయిందిరా అంటే, "ఎగిరిపోయింది" అంటున్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

బరంపురం బాబాయ్
ఆదివారం ఉదయం 7:48

హహహ, మీ వాడు ఛందస్సులో తప్పినా కవిత్వంలో పాసయ్యాడు.

పదోతరగతి పిల్ల (గుణుపురం)
ఆదివారం ఉదయం 8:15

ఆంటీ, తప్పు ఒక్కచోటే ఉంది. "చెవి"లో చె లఘువు. "చెప్పు"లో చె కూడా నిజానికి హ్రస్వమే, కానీ వెనక ప్పు ఉంది కాబట్టి గురువైంది. ద్విత్వానికి, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది కదా. "చెవి"లో వెనక ఒట్టి వి. అక్కడ గురువు రాదు.

చెవిలోన – ల ల గు ల – సలము
జోరీగ – గు గు ల – త గణం

రెండూ ఇంద్ర గణాలే. అంటే మూడు సూర్యులు, ఇద్దరు ఇంద్రులు. మొదటి పాదం. జోరీగ ఎక్కడికీ ఎగరలేదు.

యతి కూడా సరిపోయింది, నాలుగో గణం మొదటి అక్షరం చె, పాదం మొదటి అక్షరం చె. కానీ మీ వాడు విడగొట్టినట్టు చూసినా నాలుగో గణం చె తోనే మొదలవుతుంది. అందుకే యతి చూసుకున్నా వాడికి తప్పు దొరికి ఉండదు పాపం. మొదటి చె గురువు కాబట్టి రెండో చె కూడా అదే అనుకుని ఉంటాడు.

నాగావళి ఒడ్డు (రాయగడ)
ఆదివారం మధ్యాహ్నం 1:30

అమ్మడూ, ఎంత చక్కగా చెప్పావు! వాడికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. వాడేమన్నాడో తెలుసా? "అమ్మా, ఏకారం ఎప్పుడూ గురువే కదా" అన్నాడు. ఏకారం కాదురా ఎకారం అన్నాను. "రెండూ ఒకటే కదా" అన్నాడు! ఇంట్లో మాట్లాడేటప్పుడు చెవి అనే అంటాడు, చేవి అనడు. మరి ఇదేమిటి?

పాత పంతులు (పర్లాకిమిడి)
ఆదివారం మధ్యాహ్నం 2:05

తల్లీ, ఒక్క మాట అడుగుతాను. వాడు పద్యాలు బట్టీ పట్టే నోట్‌బుక్ ఏ లిపిలో ఉంది?

నాగావళి ఒడ్డు (రాయగడ)
ఆదివారం రాత్రి 8:50

మాస్టారూ, మీరు ఎలా కనిపెట్టారండీ? వార్డెన్ గారిని బతిమాలి ఫోటో తెప్పించాను. పద్యాలన్నీ ఒడియా అక్షరాల్లో రాసుకున్నాడు! తెలుగు పద్యం, ఒడియా లిపి. చిన్నప్పటి నుంచి అలవాటట, తెలుగులో కంటే తొందరగా రాయగలడట. పరీక్షలో తెలుగు అక్షరాల్లోనే రాస్తాడు కాబట్టి నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

పాత పంతులు (పర్లాకిమిడి)
ఆదివారం రాత్రి 9:40

కనిపెట్టడం కాదమ్మా, ముప్పై ఏళ్ళు ఇదే చూశాను.

ఒడియా లిపిలో ఎకారం, ఏకారం అని రెండు లేవు. ఉన్నది ఒక్కటే. ఒకారం, ఓకారం కూడా అంతే. సంస్కృతంలో ఏ, ఓ ఎప్పుడూ దీర్ఘాలే కాబట్టి ఆ దారిలో వచ్చిన లిపులకు హ్రస్వం అక్కర్లేకపోయింది. మన తెలుగుకి అది కావాలి. నెల వేరు, నేల వేరు. కొడి వేరు, కోడి వేరు.

మీ వాడు "చెవి" అని ఒడియాలో రాసుకున్నప్పుడు ఆ గుర్తు చే కీ సరిపోతుంది, చె కీ సరిపోతుంది. నోటికి తేడా తెలుసు, కంటికి తెలియదు. పరీక్షలో వాడు నోటితో కాదు, కంటికి గుర్తున్న నోట్‌బుక్‌తో గుర్తులు పెడుతున్నాడు. ఆ అక్షరం ఎప్పుడు కనిపించినా చెయ్యి గురువు వేసేస్తుంది.

దీనివల్ల పద్యాలు ఎలా తలకిందులవుతాయో చూడండి. మొదలు, కొడుకు, తెలివి, నెలలు ఇవన్నీ ల ల ల, అంటే న గణం, అంటే సూర్య గణం. మొదటి అక్షరాన్ని గురువు చేస్తే గు ల ల అవుతుంది. అది భ గణం, ఇంద్ర గణం. ఒక్క గుర్తుతో సూర్యుడు ఇంద్రుడైపోతాడు, ఆటవెలది ఏ పేరూ లేని పద్యమైపోతుంది.

ఇంకోటి. ఒడియా లిపిలో ఇ ఈ, ఉ ఊ విడిగానే ఉన్నా మాటలో ఆ పొడవు తేడా పెద్దగా వినపడదు. అందుకని మా పర్లాకిమిడిలో పిల్లలు నది, నదీ రెండూ ఒకేలా చదివేస్తుంటారు. వాడిని పద్యం పైకి చదవమనండి, ఫోన్‌లో వినండి. పాడక్కర్లేదు, సాగదీయక్కర్లేదు. హ్రస్వానికి ఒక చిటికె, దీర్ఘానికి రెండు. గుర్తులు ఆ తర్వాతే పెట్టాలి.

మార్కు విషయం కూడా చెప్పేస్తాను. సున్నా కాస్త కఠినమే, పద్యం పేరుకైనా ఏదో ఒకటి ఇచ్చేవాణ్ణి. కానీ పాదం మధ్యలో ఆపేసి మిగిలింది కొట్టెయ్యడం మాత్రం ఏ పంతులూ ఒప్పుకోడు.

సిరోంచ కుర్రోడు
సోమవారం ఉదయం 6:55

నమస్తే మాస్టారూ. మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా సిరోంచ. గోదావరి దాటితే తెలంగాణ, కాళేశ్వరం. ఇది చదువుతుంటే నా కథే చదివినట్టుంది. నేను మరాఠీ మీడియం. తెలుగు పద్యాలు దేవనాగరిలో రాసుకునేవాణ్ణి. అక్కడా ఒకటే ఏ, ఒకటే ఓ. "ఒక"ని ఎప్పుడూ గు ల అని వేసేవాణ్ణి.

మాకు మరాఠీలో కూడా వృత్తాలున్నాయి. యమాతారాజభానసలగా అని అదే సూత్రం. శార్దూలవిక్రీడితం అంటే అక్కడా మ స జ స త త గ, 19 అక్షరాలే. గణాలు ఒకటే అయినప్పుడు యతి ఎందుకు వేరుగా చెప్తారు? మరాఠీ సార్ 12 అక్షరాల తర్వాత యతి అంటారు. మా ఇంటి పక్కన తెలుగు చెప్పే ఆయన 13వ అక్షరం యతి అంటారు. ఒకరు తప్పు చెప్తున్నారనుకుని ఏడాదంతా ఎవర్నీ అడగలేదు.

పాత పంతులు (పర్లాకిమిడి)
సోమవారం ఉదయం 9:15

ఇద్దరూ రైటే బాబూ. మాట ఒకటే, పని వేరు. సంస్కృతంలోనూ మరాఠీలోనూ యతి అంటే ఆగడం. 12 అక్షరాలు చదివి ఊపిరి పీల్చుకుని మిగతా 7 చదువుతారు. తెలుగులో యతి అంటే ఆగడం కాదు, కలవడం. పాదం మొదటి అక్షరానికీ 13వ అక్షరానికీ మైత్రి కుదరాలి. ఆగాల్సిన పనే లేదు, మాట మధ్యలో యతి పడినా తప్పు కాదు. వాళ్ళు 12 తర్వాత గీత గీస్తారు, మనం ఆ గీత అవతల మొదటి అక్షరాన్ని పట్టుకుంటాం.

పదోతరగతి పిల్ల (గుణుపురం)
సోమవారం సాయంత్రం 5:30

మాస్టారూ, యతి మాటొచ్చింది కాబట్టి నా డౌట్ కూడా.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

మొదటి పాదంలో ఉ కీ నొ కీ యతి ఎలా? రెండో పాదంలో చూ కీ జా కీ యతి ఎలా? మా క్లాసులో "అది చెల్లుతుంది, రాసుకోండి" అన్నారు అంతే.

పాత పంతులు (పర్లాకిమిడి)
సోమవారం రాత్రి 8:20

మంచి పద్యం పట్టావు. ఈ ఒక్క పద్యంతో యతి మీద ఒక పూట పాఠం చెప్పొచ్చు.

మొదటి పాదం: నొక్క అని కనిపిస్తోంది కానీ పదం విడదీస్తే కప్పురంబున్ + ఒక్క. ఆ న్ ముందున్న మాటది. ఇవతల ఉన్న అచ్చు ఒ. ఉ ఊ ఒ ఓ ఒకదానికొకటి యతి మిత్రాలు. కాబట్టి ఉ కీ ఒ కీ మైత్రి. సంధి విడదీయకుండా యతి చూసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

రెండో పాదం: చ, జ హల్లులకు మైత్రి ఉంది కానీ అచ్చులకు లేదు. ఊ కీ ఆ కీ పడదు. హల్లూ అచ్చూ రెండూ కలిస్తేనే యతి. అయితే చూడ, జాడ అని రెండో అక్షరం చూడు. రెండుచోట్లా డ. మొదటి అక్షరం రెండుచోట్లా గురువే. ఇది ప్రాసయతి. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతికి బదులు ఇది వేసుకోవచ్చు. వృత్తాల్లో, కందంలో కుదరదు.

మూడో పాదం పురుషులందు పుణ్య పురుషులు వేరయా, పు కి పు. నాలుగోది విశ్వదాభిరామ వినురవేమ, వి కి వి. ఇవి పసిపిల్లలకి కూడా కనిపిస్తాయి.

లెక్కల మాస్టారు (కోరాపుట్)
సోమవారం రాత్రి 9:02

నాదో సందేహం, కోప్పడకండి. గు ల గు ల అని లెక్కపెట్టి పేరు రాస్తే కవిత్వం అర్థమైనట్టా? నేను లెక్కలు చెప్పేవాణ్ణి, నాకే ఇది మరీ లెక్కలా అనిపిస్తోంది. పిల్లలు పద్యం చదవడం మానేసి అక్షరాల మీద గీతలు గీస్తున్నారు.

బరంపురం బాబాయ్
సోమవారం రాత్రి 9:25

సార్, లెక్క లేని కవిత్వం మన చుట్టుపక్కల ఎక్కడుంది చెప్పండి? మా వీధిలో ఒడియా వాళ్ళు జగన్నాథ దాసు భాగవతం చదువుతుంటే చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని వినేవాణ్ణి. పాదానికి తొమ్మిది అక్షరాలు, నవాక్షరి అంటారు. మా గంజాం జిల్లా ఘుముసర్ కవి ఉపేంద్ర భంజ "వైదేహీశ విలాస"లో ప్రతి పాదమూ బ తోనే మొదలుపెట్టాడు. రామాయణ కథంతా! మన యతి, ప్రాసలు దాని ముందు కాస్త సుఖమే.

కానీ ఒకటి గమనించాను. ఆ నవాక్షరిలో అక్షరాలు ఎన్ని అన్నదే లెక్క, పొట్టివా పొడుగువా అని చూడరు. మన రాయగడ అబ్బాయికి చిన్నప్పుడు బళ్ళో ఆ అలవాటు కూడా పడి ఉంటుంది.

పాత పంతులు (పర్లాకిమిడి)
మంగళవారం ఉదయం 10:40

బాబాయ్ గారు మంచి మాట అందించారు.

లెక్కల మాస్టారి మాటలో నిజం ఉంది. గణ విభజనతో ఆగిపోతే అది లెక్కే. కానీ అది అయ్యాక పద్యాన్ని మళ్ళీ చూస్తే లెక్క మాట్లాడుతుంది. జోరీగ పద్యమే తీసుకుందాం.

చెప్పులోన రాయి చెవిలోన జోరీగ
కంటిలోన నలుసు కాలిముల్లు
ఇంటిలోని పోరు ఇంతింత గాదయా
విశ్వదాభిరామ వినురవేమ

మొదటి పాదంలో మూడు సూర్య గణాలు గు ల, గు ల, గు ల అని రాయి మీద నడిచినట్టు టక టక పోతాయి. ఆ తర్వాత రెండు ఇంద్ర గణాలు, పాదం సాగుతుంది. సాగేచోట ఏముంది? జోరీగ. రెండు గురువులు వరసగా వచ్చి ఆ రొద చెవిలో నిలబడుతుంది. వేమన కావాలని పెట్టాడో, నోటికి అలా వచ్చిందో నేను చెప్పలేను. వినేవాడికి మాత్రం అలా వినిపిస్తుంది.

రెండో పాదం పొట్టిది. నలుసు, ముల్లు అని రెండు మాటల్లో తేల్చేశాడు. చెప్పు, చెవి, కన్ను, కాలు అయిపోయాయి. లోన, లోన, లోన అని మూడుసార్లు విన్న చెవి నాలుగోసారి కూడా ఒంటికి సంబంధించిందే వస్తుందనుకుంటుంది. అక్కడ "ఇంటిలోని పోరు" వస్తుంది. ఒంట్లోంచి ఇంట్లోకి వచ్చేశాం. ఇంకో తమాషా, ఆటవెలదికి ప్రాస (పాదాల రెండో అక్షరం కలవడం) నియమం లేదు. అయినా కంటి, ఇంటి అని రెండు పాదాల మొదళ్ళు కలిశాయి. అవసరం లేనిచోట కలిపాడంటే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమనే నేను చదువుకుంటాను.

నాలుగో పాదం మకుటం. అంటే కవికి చెప్పుకోవడానికి నిజంగా ఉన్నవి మూడే పాదాలు. అందులో రెండు పోలికలకు ఖర్చు పెట్టి, అసలు మాటకు ఒక్కటే ఉంచుకున్నాడు.

పరీక్షలో ఇదంతా రాయక్కర్లేదు. పద్యం గొప్పతనం గురించి అడిగితే "పోలికల వరస, లోన అనే మాట పునరుక్తి, మూడో పాదంలో మలుపు" అని నాలుగు వాక్యాలు పద్యంలోని మాటలతోనే రాస్తే చాలు. "శైలి సరళంగా, రమ్యంగా ఉంది" అని రాసే పేపర్లు కట్టలకొద్దీ దిద్దాను. ఏ పద్యానికైనా అతికే వాక్యం ఏ పద్యం గురించీ చెప్పదు.

లెక్కల మాస్టారు (కోరాపుట్)
మంగళవారం మధ్యాహ్నం 12:15

కంటి, ఇంటి సంగతి నలభై ఏళ్ళుగా ఈ పద్యం నోటికొచ్చి కూడా గమనించలేదు. నా ప్రశ్న వెనక్కి తీసుకోను గానీ, సగానికి తగ్గిస్తాను.

షార్ట్‌కట్ శీను
మంగళవారం మధ్యాహ్నం 12:50

మాస్టారూ, కందానికేమైనా షార్ట్‌కట్ ఉందా? తమ్ముడికోసం.

పదోతరగతి పిల్ల (గుణుపురం)
మంగళవారం సాయంత్రం 6:10

నేను చెప్తా. కందంలో అన్నీ నాలుగు మాత్రల గణాలే: గగ, భ, జ, స, నల. లఘువుకి ఒకటి, గురువుకి రెండు లెక్కేసి నాలుగు నిండగానే గీత గీసెయ్. "అప్పిచ్చువాడు వైద్యుడు" చూడు: అప్పి గగ, చ్చువాడు జ, వైద్యుడు భ. మూడు గణాలు, మొదటి పాదం. బేసి గణంగా జ రాకూడదు, ఇక్కడ రెండోది కాబట్టి ఫర్వాలేదు. కానీ "అప్పిచ్చు"లో పి గురువని తెలియకపోతే మొదటి గీతే తప్పుతుంది. అంటే మళ్ళీ అక్షరం అక్షరం చూడాల్సిందే అన్నా. షార్ట్‌కట్ లేదు.

నాగావళి ఒడ్డు (రాయగడ)
మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:00

అందరికీ మళ్ళీ నమస్కారం. సెలవులకి మా వాడు ఇంటికొచ్చాడు. ఒడియా నోట్‌బుక్ పక్కన పెట్టించి పద్యాలన్నీ తెలుగు లిపిలో తిరగరాయించాను. మొదట రెండు రోజులు ఏడుపు, అలక. ఎకారం వచ్చిన ప్రతి చోటా ఆగి, పైకి పలికి, చిటికె వేసి అప్పుడు రాశాడు. చిటికెలు విని వాళ్ళ నాన్న "పాటల పోటీ ఉందేటి?" అని అడిగారు.

నిన్న పది పాదాలు ఇచ్చాను. ఎనిమిది సరిగ్గా చేశాడు. తప్పిన రెండూ వత్తుల దగ్గర. "అమ్మ ప్రేమ"లో మ ని గురువు చేశాడు. అవి విడివిడి తెలుగు మాటలు, ముందున్న మాట మీద వత్తు బరువు పడదు అని మాస్టారి లెవెల్లో కాకపోయినా ఏదో చెప్పాను. రైటేనా మాస్టారూ?

ఇప్పుడు ఇంకో గొడవ మొదలైంది. కనిపించిన బోర్డుకల్లా గణాలు కడుతున్నాడు. స్టేషన్‌లో కూర్చుని "అమ్మా, ఒడిశా అంటే తెలుగులో ల ల గు, స గణం. ఒడియా అక్షరాల్లో రాస్తే గు ల గు, ర గణం. మరి ఏది రైటు?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

పాత పంతులు (పర్లాకిమిడి)
ఆదివారం రాత్రి 9:35

అమ్మ ప్రేమ గురించి మీరు చెప్పింది రైటే తల్లీ. సంస్కృత సమాసమైతే పడుతుంది, అది వచ్చే ఏడు చెప్పుకోవచ్చు.

ఒడిశాకి రెండూ రైటే అని చెప్పండి. తెలుగు పద్యంలో వాడితే స గణం. రాయగడ ఏమిటో కనిపెట్టాడా మరి?

నాగావళి ఒడ్డు (రాయగడ)
ఆదివారం రాత్రి 9:50

పక్కనే ఉన్నాడు. "గు ల ల ల. సూర్య గణం కాదు, ఇంద్ర గణం కాదు. మన ఊరు ఒక్క గణంలో పట్టదు" అంటున్నాడు. పార్వతీపురం అయితే గు ల, గు ల గు అట. ఒక సూర్యుడు, ఒక ఇంద్రుడు, తేటగీతి మొదలుపెట్టుకోవచ్చట. హాస్టల్‌కి వెళ్ళే రైలు రేపు పొద్దున్నే, ఇంకా బట్టలు సర్దలేదు.